నాటకమును వెంటగొని నడచిన నాటకకర్త: ధర్మవరము రామకృష్ణమాచార్యులు

గుంతకల్లు నుండి హిందూపురము మీదుగా బెంగళూరునకు పోవు రైలుమార్గమున ధర్మవరము, పెనుకొండ, హిందూపురము వరుసగా తగులును. ధర్మవరమనగానే నేటివారికి పట్టుచీర తలపునకు వచ్చును. పెనుకొండయనగానే విజయనగర రాజుల కోట, హిందూపురమనగానే బెల్లము, చింతపండు అమ్ముడుపోవు అంగడి, దాని చేరువనున్న లేపాక్షి బసవన్న కన్నులకు కట్టును. కాని పట్టుబట్టతో నిమిత్తము లేకుండ ధర్మవరము పేరును చెన్నపట్టణము దాక కొనిపోయిన మహనీయులొకరు కలరు. ఊరిపేరే ఇంటిపేరైన ఆయన ధర్మవరము రామకృష్ణమాచార్యులు. వృత్తిచేత వకీలు. అభిరుచిచేత నాటకకర్త, నటుడు. ఆంధ్ర నాటక పితామహుడని తెలుగువారు ఆయనను గౌరవించిరి.

రచయిత ఒక కొత్త గ్రంథము వ్రాసిన పిమ్మట అది ప్రజలకెట్లు చేరవలెను? ఈ ప్రశ్న నేటిది కాదు. అచ్చుయంత్రము తెలుగునాట స్థిరపడిన నాటినుండియు ఉన్నదే. పందొమ్మిదవ శతాబ్ది చివరి పాదమున మన దేశములో చదువ నేర్చినవారు కొద్దిమంది. అందులో వెలయిచ్చి పుస్తకము కొనువారు మరింత కొద్దిమంది. కందుకూరి వీరేశలింగము పంతులు తమ రాజశేఖర చరిత్రమును 1878లో తమ పత్రికయైన వివేకవర్ధనిలో భాగములుగా ప్రకటింప మొదలిడి, తరువాత గ్రంథముగా వెలువరించిరి. తరువాతి నవలాకర్తలకు చింతామణి పత్రికవారి బహుమానములు ఊతమైనవి. 1906లో పుట్టిన విజ్ఞాన చంద్రికా మండలి చందాదారులను కూర్చుకొని వారి ఇండ్లకే పుస్తకములను పంపినది. ఇవన్నియు రచయిత ఇంటనుండగా గ్రంథము ఊళ్లు తిరిగిన మార్గములు. రచయితయే గ్రంథముతో కూడ కదలి, పరాయి ఊరిలో, పరిచయము లేని జనుల నడుమ నిలిచి, తన కొత్త కృతిని తానే వినిపించి, కనుపించి, వారి మెప్పునో తిరస్కారమునో ఎదుట నిలిచి గ్రహించుట వేరొక మార్గము. తెలుగు నాటకమునకు సంబంధించినంతవరకు ఆ మార్గమున ముందు నడచినవారిలో రామకృష్ణమాచార్యులు ఎన్నదగినవారు.

ఆయన 1853లో పండిత కుటుంబమున జన్మించిరి. ఆ నాటికి అనంతపురము జిల్లా యింకను ఏర్పడలేదు. ధర్మవరము, పెనుకొండ, హిందూపురము తాలూకాలన్నియు బళ్లారి జిల్లాలోనివే. 1882లో గాని ఈ తాలూకాలు విడివడి అనంతపురము జిల్లా కాలేదు. కావున ఈ ప్రాంతపు పిల్లవాడు పెద్దచదువునకైనను, పెద్ద ఉద్యోగమునకైనను చూడవలసినది బళ్లారి వైపే. రామకృష్ణమాచార్యులును ఆ దారినే నడచిరి. సంస్కృతాంధ్రములు, కన్నడము, ఇంగ్లీషు అలవరచుకొని, న్యాయవాద పరీక్షలో నెగ్గి, బళ్లారిలో వకీలుగా స్థిరపడిరి.

బళ్లారి ఆనాడు రెండు భాషల కూడలి. అంగడిలో కన్నడము, తెలుగు కలసి వినబడును. కచేరీలో ఇంగ్లీషు రాజ్యమేలును. పండితులు కలిసికొన్నచోట సంస్కృతము పలుకును. చుట్టుప్రక్కల పల్లెలలో వీధి భాగవతము, బయలాట, తోలుబొమ్మలాట రాత్రులను పగళ్లు చేయుచుండెను. ధర్మవరము దాపునగల నిమ్మలకుంట నేటికిని తోలుబొమ్మల కళకు పుట్టిల్లు. ఆ బొమ్మలాటవారు పెట్టెలను నెత్తికెత్తుకొని ఊరూర ఆడి పొట్టపోసికొనిన సంచార కళాకారులు. కథ జనుల వద్దకు నడచి పోవలెనే కాని, జనులు కథను వెదకికొని రారను సత్యము ఈ సీమ మట్టిలోనే ఉన్నది. ఆచార్యుల సాధనయు ఈ సత్యమునకు దూరమైనది కాదు.

అయితే ఒక అడ్డు ఉండెను. ఆటలాడువారనిన చదువుకొనిన కుటుంబములకు చులకన. వేషము కట్టుట పరువుగల పని కాదని పెద్దల నిశ్చయము. ధారవాడ నాటక సమాజము 1880 ప్రాంతమున రాజమహేంద్రవరము మున్నగు కోస్తా పట్టణములలో ఆడి పోయిన తరువాత అచ్చట విద్యాధికులలో కొందరు కదలిరి. వీరేశలింగము పంతులు తమ విద్యార్థులచేత నాటకము లాడించిరి. సంచరించి వచ్చిన పరదేశపు సమాజమొకటి ఎన్ని ఉపన్యాసములు చేయలేని పనిని కొన్ని రాత్రులలో చేయగలదని ఆ ఉదంతము తెలుపుచున్నది. బళ్లారిలోని కథయు అట్టిదే. ఊరికి వచ్చిన సంచార సమాజముల ఆటలు విద్యావంతులలో ఉత్సాహమును రేపినవి.

1886లో రామకృష్ణమాచార్యులు సరస వినోదినీ సభను స్థాపించిరి. దీనిలో చేరినవారు కూలికి ఆడువారు కారు. చదువుకొన్నవారు, వృత్తి ఉద్యోగములు గలవారు. పగలు చేయు పనికిని, రాత్రి కట్టు వేషమునకును నడుమ సిగ్గుపడవలసినదేదియు లేదని తమ నడవడిచేతనే చూపవలెనని వారి పూనిక. సభవారి కొరకు ఆచార్యులు వ్రాసిన చిత్రనళీయము 1887లో రంగమెక్కినది. నలదమయంతుల కథ తెలుగువారికి కొత్త కాదు. కాని దానిని అంకములుగా, రంగములుగా కూర్చి, పద్యముతోపాటు వచనమును, పాటను చేర్చి, తెరలతో, వేషములతో చూపుట కొత్త. నాటకము వ్రాసినది ఆయన. పాత్రలకు పాఠము చెప్పినది ఆయన. ప్రధాన పాత్ర ధరించి పాడి ఆడినదియు ఆయనయే.

ఇక్కడ ఆచార్యుల పద్ధతిని కొంచెము పరిశీలింపవలెను. నాటకము వ్రాసి అచ్చువేయించి, చదువరుల అభిప్రాయమునకు ఎదురుచూచుట ఆయన పద్ధతి కాదు. కృతి మొదట రంగముమీదికి పోవలెను. సభ్యులు నవ్వవలసినచోట నవ్విరా, కన్నీరు పెట్టవలసినచోట పెట్టిరా, పాట పొడుగై విసిగిరా అని కర్త తన కన్నులతోనే చూడవలెను. అచ్చు తరువాతి మాట. ఆయన సుమారు ముప్పది నాటకములు వ్రాసిరని చెప్పుదురు. పాదుకాపట్టాభిషేకము, భక్తప్రహ్లాద, ప్రమీలార్జునీయము, విషాద సారంగధర మొదలగునవి వానిలో ప్రసిద్ధములు. వీనిలో పాటలు విరివిగా ఉండుట ఆనాటి విమర్శకులకు కొందరికి రుచింపలేదు. దుఃఖించు పాత్ర రాగాలాపన చేయుట సహజమా అను ఆక్షేపణ ఈనాటికిని సమంజసమే. కాని యక్షగానమునకు, బయలాటకు చెవియొగ్గి పెరిగిన జనులను కొత్త నాటకమువైపు త్రిప్పుటకు ఆ పాటయే వంతెనయైనది.

ఆయన సాహసములలో పెద్దది విషాద సారంగధర. రాజరాజనరేంద్రుని కుమారుడైన సారంగధరునిపై సవతితల్లి చిత్రాంగి మోపిన నింద, తండ్రి తొందరపాటు, కుమారుని కాలుసేతులు నరికించుట తెలుగునాట చిన్నపిల్లలకును తెలిసిన కథ. సిద్ధుని అనుగ్రహమున అవయవములు మరల వచ్చుటతో కథ సుఖాంతము కావలెనని ప్రజల నమ్మకము. సంస్కృత నాటక సంప్రదాయమును నాటకము దుఃఖముతో ముగియుటకు ఒప్పుకొనదు. ఆచార్యులు ఈ రెండింటిని కాదని, కథను విషాదాంతము చేసిరి. తెలుగులో విషాదాంత నాటకములకు ఇదియే నాందియని సాహిత్య చరిత్రకారులు పలువురు గుర్తించిరి. ఇట్టి కొత్తదనమును పుస్తకమున చదివినవాడు ముఖము చిట్లించి ప్రక్కన పెట్టవచ్చును. ఎదుట నిలిచి ఆడుచుండగా చూచినవాడు లేచి పోజాలడు. కొత్త కృతికి కర్త స్వయముగా తోడుపోవుటలోని బలము ఇది.

ఈ బలము పరీక్షకు నిలిచినది 1891లో. ఆ సంవత్సరమున సరస వినోదినీ సభవారు తమ నాటకములతో చెన్నపట్టణమునకు పోయి విక్టోరియా పబ్లిక్ హాలులో ప్రదర్శనములిచ్చిరి. రాయచూరు మీదుగా మదరాసు, బొంబాయి పట్టణములను కలుపు ఇనుపదారి 1871 నాటికే పూర్తియై, గుంతకల్లు కూడలిగా బళ్లారిని రాజధానికి చేరువ చేసియుండెను. దూరము తగ్గినను సాహసము తగ్గలేదు. చెన్నపట్టణము రాజధాని. అచ్చట హైకోర్టు వకీళ్లు, కళాశాలాధ్యాపకులు, దొరలు, సంగీత రసికులు కలరు. జిల్లా పట్టణపు వకీలొకడు ముఖమునకు రంగు పూసికొని అట్టివారి ఎదుట నిలుచుట సామాన్యమైన పని కాదు. నాటకము నవ్వులపాలైనచో మరునాడు కోర్టులో తన పరువును నవ్వులపాలగును. ఇంటనుండి గ్రంథమును పంపు రచయితకు ఈ భయము లేదు.

ఆ ప్రేక్షకులలో పద్దెనిమిదేండ్ల తమిళ యువకుడొకడు ఉండెను. పేరు పమ్మల్ సంబంధ మొదలియారు. ఆనాటి తమిళ వీధినాటకములన్నను, వానిని ఆడువారన్నను అతనికి గిట్టదు. చదువుకొన్నవారు తలయెత్తి చూడదగినది కాదని అతని తలంపు. బళ్లారివారి ఆట చూచిన తరువాత ఆ తలంపు తలక్రిందులైనది. ఆడుచున్నవారు వకీళ్లు, ఉద్యోగస్థులు, గౌరవనీయులు. వారి నాయకుడు నాటకము వ్రాసినవాడే. తెలుగువారికి తగినది తమిళులకేల తగదను పట్టుదల అతనికి కలిగినది. అదే సంవత్సరము జూలై 1వ తేదీన మిత్రులతో కలసి సుగుణ విలాస సభను స్థాపించెను. తరువాత ఆయన తొంబదికి పైగా నాటకములు వ్రాసి, న్యాయాధికారిగ పని చేయుచునే వేషములు కట్టి, ఆధునిక తమిళ నాటకమునకు పితామహుడనిపించుకొనెను. సుగుణ విలాస సభ తమిళమునకే పరిమితము కాక తెలుగు మున్నగు భాషల నాటకములను కూడ ఆడినది. రాజకీయములలో తరువాత పేరు గడించిన సత్యమూర్తి వంటివారు ఆ సభలో వేషములు ధరించిరి. సంబంధ మొదలియారు 1964లో మరణించువరకు బళ్లారివారి ఋణమును దాచలేదు. తమ రంగస్థల స్మృతులలో దానిని విశదముగా వ్రాసికొనిరి.

ధర్మవరమున పుట్టిన తెలుగు కవి కొన్ని రాత్రులు పరాయి పట్టణమున ఆడిన ఆటవలన మరియొక భాషలో నాటకరంగము మేలుకొనెను. అచ్చువేసిన ప్రతులను ఎన్నింటిని చెన్నపట్టణమునకు పంపినను ఈ ఫలము కలిగెడిది కాదు. ఆ యువకుని కదలించినది కథ మాత్రమే కాదు. దానిని తలయెత్తుకొని ఆడిన మనుష్యులు.

ఇంగ్లండులో నవలాకర్తయైన చార్లెస్ డికెన్సు ఇంతకు ముందే ఇట్టి మార్గమును త్రొక్కెను. 1858లో ఆయన తన నవలాభాగములను టిక్కెట్టు పెట్టి సభలలో చదువ మొదలిడెను. 1867 చివర అమెరికాకు పోయి కొన్ని నెలలలో డెబ్బదియారు సభలు జరిపెను. ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క గొంతుక తెచ్చుకొని చదువుచుండగా జనులు మూర్ఛిల్లిరని ప్రతీతి. ఆ ప్రయాణములు ఆయనకు ధనమును, కీర్తిని తెచ్చినవి. ఆరోగ్యమును హరించినవి. 1870లో ఆయన మరణించెను. అయితే డికెన్సుకును మన ఆచార్యులకును ముఖ్యమైన భేదము కలదు. డికెన్సు సభకు వచ్చినవారిలో అనేకులు ఆ నవలను మునుపే చదివినవారు. తమకు తెలిసిన గ్రంథము కర్త నోట వినవలెనని వచ్చినవారు. ఆచార్యుల సభకు వచ్చినవారికి కృతి కొత్తది. సభ ముగియగానే చేత పట్టుకొనిపోవుటకు గ్రంథము వారికి తరచుగా లేదు. డికెన్సు వెళ్లిపోయిన తరువాత ఊరిలో ఆయన పుస్తకము మిగిలినది. ఆచార్యులు వెళ్లిపోయిన తరువాత జ్ఞాపకము మిగిలినది.

బళ్లారిలోనే మరియొక వకీలు, కోలాచలము శ్రీనివాసరావు, ఆచార్యులకు సమకాలికులు, పోటీదారులును. ఆయన 1854లో జన్మించి 1919లో మరణించిరి. సుమనోరమా సభకు ఆయన ప్రాణము. పౌరాణిక కథలయందు ఆచార్యులకు మక్కువ కాగా, శ్రీనివాసరావు చరిత్రను రంగమునకు తెచ్చిరి. ఆయన రామరాజు చరిత్ర విజయనగర పతనమును చూపిన నాటకము. 1565 నాటి ఆ యుద్ధము తరువాతనే రాజధాని హంపి నుండి పెనుకొండకు మారినది. ఈ సీమవారికి అది పాఠ్యపుస్తకపు చరిత్ర కాదు, ఇంటి ముంగిటి కథ. శ్రీనివాసరావుగారు నాటకములు వ్రాయుటతో తృప్తిపడక, ప్రపంచ నాటక చరిత్రను ఇంగ్లీషులో గ్రంథముగా రచించిరి. ఒకే పట్టణమున ఇద్దరు వకీళ్లు, రెండు సభలు. ఒకరి కొత్త నాటకమునకు రెండవవారి కొత్త నాటకము జవాబు. ఈ స్పర్ధ రెండు సభలకును ప్రేక్షకులను పెంచినది.

ఈ వాతావరణమున పెరిగినవాడే ఆచార్యుల మేనల్లుడు, 1880లో తాడిపత్రిలో పుట్టిన రాఘవాచార్యులు. బళ్లారి రాఘవగా దేశమెరిగిన మహానటుడు. ఆయనయు వకీలే. మేనమామ ఇంటినుండి నాటకాభిమానమును, శ్రీనివాసరావు నాటకములనుండి పఠాను రుస్తుము వంటి పాత్రలను గ్రహించెను. కాని మేనమామ మార్గమును కన్నులు మూసికొని అనుసరింపలేదు. పాత్ర రాగముతీసి పాడుట తగ్గవలెననియు, స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెననియు ఆయన పట్టుపట్టెను. 1928లో ఐరోపా పోయి అచ్చటి నాటకరంగమును చూచి, బెర్నార్డు షాను కలిసికొనెను. 1946లో మరణించువరకు నాటకమును వెంటగొని ఊళ్లు తిరుగుట మానలేదు. మామ నేర్పిన పాటను విడిచినను, మామ నేర్పిన ప్రయాణమును విడువలేదనవచ్చును.

రామకృష్ణమాచార్యులు 1912లో కీర్తిశేషులైరి. వారి తరువాత తెలుగు రంగస్థలము వేరు త్రోవ పట్టినది. తిరుపతి వేంకటకవుల పాండవ నాటకములు పల్లెపల్లెకు ప్రాకినవి. ఆ పద్యములు నాటకము చూడనివారి నోటను నిలిచినవి. వాని కర్తలు లేకున్నను ఎవరో ఒకరు శ్రుతిపెట్టి ఎత్తుకొనిరి. ఆచార్యుల పాటలకు ఆ అదృష్టము అంతగా పట్టలేదు. ఆయన వ్రాసిన ముప్పది నాటకములలో అచ్చున నిలిచినవి కొన్నియే. చాలభాగము ఆయన గొంతుకతో, ఆయన నటనతో, ఆయన సభతో ముడిపడి, వానితోనే కనుమరుగైనవి. తన కృతికి తానే రథమును, సారథియునైన రచయితకు కలుగు ఆపద ఇదియే. సారథి దిగగానే రథము ఆగిపోవును.

రాష్ట్రముల సరిహద్దులును ఆయన స్మృతికి అనుకూలింపలేదు. 1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడునపుడు బళ్లారి పట్టణము మైసూరు రాష్ట్రమున చేరినది. తెలుగు నాటకము కాలు నిలదొక్కుకొనిన ఊరు తెలుగు రాష్ట్రమునకు వెలుపల నిలిచినది. అచ్చటివారికి ఆయన తెలుగు కవి, ఇచ్చటివారికి ఆయన బళ్లారి కవి. ఆయన పుట్టిన ధర్మవరము మాత్రము మనవైపుననే ఉన్నది. 2022లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినప్పుడు ధర్మవరము, పెనుకొండ, హిందూపురము మూడును ఆ జిల్లా నీడకు చేరినవి.

ఆచార్యుల జీవితము నేటి రచయితలకు రెండు బుద్ధులు చెప్పుచున్నది. కొత్త గ్రంథమును వెలువరించి ఇంట కూర్చున్నవానికి పాఠకులు రారు. దానిని వెంటగొని ఊరూర నడచి, తెలియనివారి ముందు నిలిచి, మెప్పుతోపాటు పరాభవమునకును సిద్ధపడవలెను. ఇది మొదటిది. ఎంత నడచినను చివరకు ఊరిలో విడిచి రావలసినది గ్రంథము. చప్పట్లు ఆ రాత్రితో సరి. ఇది రెండవది. ఆచార్యులు మొదటిదానిని సంపూర్ణముగా నెరవేర్చిరి. రెండవది నెరవేర్చుట వెనుకటివారి బాధ్యత. ఆయన నాటకములలో మిగిలినవానిని వెదకి, చక్కగా పరిష్కరించి ముద్రించుట, వానిలో ఒకదానినైనను ఆయన పుట్టిన ఊరిలో మరల ఆడించుట, ఆ ఆటను పెనుకొండకు, హిందూపురమునకు కొనిపోవుట ఈ మూడు పట్టణముల కళాశాలలకును, సాహిత్య సంస్థలకును తలకు మించిన పని కాదు. చెన్నపట్టణము దాక పోయి తమిళులను మేల్కొలిపిన నాటకమునకు ధర్మవరము నుండి హిందూపురము ఏమంత దూరము?